కరెంటును వడగట్టిన చిన్నాయన

మా జనగామ చిన్నమ్మ ఇంట్లో మిక్సీ వేయాలంటే ముందు చిన్నాయన అనుమతి కావాలి. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. చెంచాడు అల్లం వెల్లుల్లి నూరుకోవాలన్నా సరే, వంటింటి గుమ్మంలో నిలబడి "వేసుకోనా?" అని ఓ కేక పెట్టాలి. ముందు గదిలోంచి "ఆగాగు, ఈ పాట అయిపోనీ" అని జవాబొస్తుంది. పాట అయ్యేదాకా చిన్నమ్మ జార్ మూత మీద చెయ్యి పెట్టుకుని నిలబడేది. ఒక్కోసారి నిలబడేది కాదు. అప్పుడు ముందు గదిలో స్పీకర్లు గర్రుమనేవి, వెంటనే చిన్నాయన కూడా గర్రుమనేవాడు.

తప్పు మిక్సీదే లెండి. దాని మోటారులో గిర్రున తిరిగే భాగానికి చిన్న చిన్న బొగ్గు ముక్కలు రాసుకుంటూ ఉంటాయి. ఆ రాపిడికి పుట్టే నిప్పురవ్వల అలజడి ఇంట్లో వైర్లన్నిటా పాకిపోతుంది. రేడియో వింటూ పచ్చడి రుబ్బిన వాళ్లకు ఆ గర్రు గుర్తుండే ఉంటుంది. రేడియో చెడిపోయిందనుకుని దాని నెత్తిన ఒకటి మొట్టి కూడా ఉంటారు. నేనూ మొట్టినదాన్నే. రేడియోది పాపం ఏ తప్పూ లేదనీ, అది తాగే కరెంటులోనే నలుసులున్నాయనీ మా ఇంటిల్లిపాదికీ చెప్పినవాడు చిన్నాయన.

ఆయన పోస్టాఫీసు గుమాస్తా. ఉద్యోగం అక్కడ, ప్రాణం మాత్రం యాంప్లిఫయర్లలో. జీతం వచ్చిన వారం జనగామలో రైలెక్కి సికింద్రాబాదులో దిగి, సిటీ బస్సులో కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లేవాడు. ఎలక్ట్రానిక్ సామాన్లకు ఆ గల్లీ పెట్టింది పేరు. పక్కనే బేగంబజారు కదా, నాలుగు స్టీలు డబ్బాలు పట్టుకు రమ్మని చిన్నమ్మ చెప్పి పంపేది. సంచి విప్పితే కెపాసిటర్లు, డయోడ్లు, చేతిలో ఇమడనంత ట్రాన్స్‌ఫార్మరు ఒకటీ బయటపడేవి. డబ్బాలు వచ్చే నెలకు వాయిదా. ఆ రోజుల్లో అందరూ వాడేది 4440 అనే నల్లటి చిప్. జపానులో సాన్యో వాళ్లు కార్ల స్టీరియోల కోసం చేసింది. దాని చుట్టూ అల్లిన బోర్డులే మన ఊళ్ల టీకొట్లలో, ఆటోల్లో మోగుతుండేవి. వాటిలోంచి చప్పుడు వస్తుంది గాని పాట రాదని మా చిన్నాయన తగాదా.

ఈ పిచ్చి ఆయనతో మొదలైందనుకోకండి. 1947లో ఇంగ్లండులో విలియమ్సన్ అనే ఇంజనీరు 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో ఒక యాంప్లిఫయర్ పటం అచ్చు వేయించాడు. ఎవరికి వాళ్లు ఇంట్లో కట్టుకోవచ్చన్నమాట. అది చూసి ఎందరో భోజనాల బల్లల మీద వాల్వులు పరిచేశారు. 1952లో అదే పత్రికలో బాక్సండాల్ అనే ఆయన బేస్, ట్రెబుల్ సర్దుకునే ఉపాయం రాశాడు. ఆ బల్లల మీద అన్నాలు ఎప్పుడు వడ్డించారో, ఆ ఇల్లాళ్లు ఏమనుకున్నారో మాత్రం ఏ పత్రికా రాసినట్టు లేదు.

మన వైపు కథ వేరు. ఇక్కడ రేడియో ముందు వచ్చి, కరెంటు తర్వాత వచ్చింది. హైదరాబాదు రేడియో 1935లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి, 1950 ఏప్రిల్‌లో ఆకాశవాణిలో కలిసింది. అంతకు ముందే 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రం మొదలైంది. కరెంటంటారా, హుస్సేన్‌సాగర్ ఒడ్డున 1920లోనే థర్మల్ కేంద్రం కట్టారు గాని (దాన్ని 1995లో పడగొట్టారు) ఆ వెలుగు నగరం దాటి మా పల్లెలకు రావడానికి చాలా ఏళ్లు పట్టింది. దొరవారి గడీలోనో, పంచాయతీ ఆఫీసులోనో ఒక రేడియో ఉంటే, అది ఇటికబెడ్డంత బ్యాటరీ మీద నడిచేది. మా నాయనమ్మ మొదటిసారి రేడియో విన్నది అలాగే, గోడ అవతల నిలబడి. చిన్నాయన లెక్క ప్రకారం మా వంశంలో అందరికంటే శుభ్రమైన కరెంటు మీద పాట విన్నది ఆమే. బ్యాటరీ కరెంటుకు ఊగడం తెలీదు. గుయ్యిమనడం అంతకన్నా తెలీదు.

ఆ గుయ్యి సంగతి కాస్త చెప్పాలి. మన ఇళ్లకు వచ్చే కరెంటు ఏటినీరులా ఒకే దిక్కున పారదు. సెకనుకు యాభై సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. టేపురికార్డరుకు కావలసింది ఒకే దిక్కున నిలకడగా పారేది. అందుకని డయోడ్లు పెట్టి, వెనక్కు పోయే కరెంటును కూడా ముందుకే మళ్లిస్తారు. అప్పుడది సెకనుకు నూరు పొంగులుగా వస్తుంది. ఆ పొంగులను సమం చేసేది కెపాసిటర్. "గోలెం లెక్కనే బిడ్డా" అని చెప్పాడు చిన్నాయన నాకు. నల్లా ఒకసారి సన్నగా, ఒకసారి జోరుగా వస్తుంది. నిండు గోలెంలో ముంచుకునే చెంబుకు ఆ తేడా తెలియదు. గోలెం చిన్నదైతే మాత్రం అడుగు తగులుతుంది. ఆ అడుగు తగలడమే స్పీకర్లో గుయ్యిమనడం.

ఇది ఆయనకు పుస్తకాలు చెప్పిన పాఠం కాదు.

మా నాన్న మానుకోటలో పంతులు. రైల్వే బోర్డు మీద మహబూబాబాద్ అని ఉన్నా మాకెప్పుడూ మానుకోటే. నాయనమ్మ మా దగ్గరే ఉండేది. 1991లో బతుకమ్మ పండక్కి చిన్నాయన టేపురికార్డరు చంకన పెట్టుకుని వచ్చాడు. అప్పుడు నాకు పన్నెండేళ్లు. నాయనమ్మకు బతుకమ్మ పాటలే కాదు, నాట్ల పాటలు, అప్పగింతల పాటలు, జోలపాటలు ఎన్ని వచ్చో ఆమెకే లెక్క తెలియదు. ఒక్కటీ ఏ పుస్తకంలోనూ లేదు. "ఏం పాడాల్రా, దగ్గొస్తున్నది" అంటూనే అరవై నిమిషాల క్యాసెట్టు రెండు వైపులా నిండేదాకా పాడింది. క్యాసెట్టు తిప్పింది నేనే. మధ్యలో గూడ్సు బండి ఒకటి కూత వేస్తూ పోతే, అది దాటేదాకా ఆగి, ఆపిన చోటు నుంచే అందుకుంది.

టేపురికార్డరుకు నాలుగు సెల్లులు కావాలి. సెల్లులు కొనడం దండగని చిన్నాయన తాను స్వయంగా చేసిన ఎలిమినేటరును గోడ ప్లగ్గులో పెట్టాడు. సెల్లుల పని కరెంటు చేత చేయించే డబ్బీ అది. ఆయన చేతి తొలి పనుల్లో ఒకటి, ఎంత మురిసిపోయేవాడో! ఆ రాత్రి టేపు పెట్టుకుని వింటే అందరికీ బ్రహ్మాండంగా ఉంది. టేపురికార్డరులో ఉండే అరచేతంత స్పీకరు లోగొంతు చప్పుళ్లను పలికించలేదు మరి. జనగామ వెళ్లి పెద్ద స్పీకర్లకు తగిలించాక తెలిసింది. నాయనమ్మ గొంతు కింద, మొదటి నుంచి చివరి దాకా, తుమ్మెదలు ముసిరినట్టు గుయ్యిమని ఒకటే మోత. ఎలిమినేటరులో గోలెం చిన్నదైపోయింది.

సంక్రాంతికి వచ్చి మళ్లీ సరిగ్గా పట్టుకుంటానని నాన్నకు ఉత్తరం రాశాడు. సెలవు దొరక్క ఉగాదికి వాయిదా వేశాడు. నాయనమ్మ మాఘమాసంలో పోయింది.

"నాలుగు సెల్లులకు పీనాసితనం చేసిండు" అని చిన్నమ్మ ఒక్కసారే అన్నది. మళ్లీ అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు.

ఇక అక్కడి నుంచి చూడండి ఆ ఇంటి వైభవం. వెయ్యి మైక్రోఫారడ్ల కెపాసిటర్లున్న చోట పదివేలవి వచ్చాయి. మీటరు దగ్గర నుంచి యాంప్లిఫయరుకు వేరే వైరు వచ్చింది. పెరట్లో జామచెట్టు పక్కన మనిషి లోతు గుంత తవ్వి, పెంబర్తి పనివాళ్ల దగ్గర అడిగి తెచ్చిన రాగి రేకు అందులో పూడ్చి, బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి ఎర్తింగ్ చేయించాడు. ఎండాకాలంలో ఆ గుంత తడారకూడదు. జనగామలో ఎండాకాలం నీళ్ల కరువు ఎలాంటిదో ఆ ఊరివాళ్లను అడగండి. తాగే నీళ్లు మోసుకుంటున్న రోజుల్లో కూడా బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు తొలిచిన నీళ్లు చిన్నమ్మ ఆ గుంతలోనే పోసేది. సణుక్కుంటూనే పోసేది. అయితే ఒకటి, అప్పటిదాకా ముట్టుకుంటే జిల్లుమనే ఆమె గ్రైండరు ఆ గుంత వచ్చాక బుద్ధిగా ఉండడం నేర్చుకుంది. ఎర్తు అసలు ఉన్నదే మనిషి ప్రాణం కాయడానికి, పాట సంగతి ఆ తర్వాత. మీ ఇంట్లో వాషింగ్ మెషీను జిల్లుమంటుంటే నవ్వి ఊరుకోకండి, ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి.

ఇల్లు బాగుపడినా ఊరు బాగుపడాలి కదా. చుట్టూ మెట్ట పొలాలు, ఎక్కడ చూసినా బోర్లు. పొలాలకు కరెంటు వదిలారంటే వందల మోటార్లు ఒక్కసారి లేచేవి, ఇంట్లో బల్బు గుడ్డిదీపమయ్యేది, స్టెబిలైజరు టకటకా కొట్టుకునేది. అందుకే ఆయన అసలు సంగీతం రాత్రి పదకొండు తర్వాతే. చివరికి విసిగి ట్రాక్టరు బ్యాటరీ ఒకటి కొన్నాడు. పగలంతా చార్జింగు, రాత్రి దాని మీద పాటలు. 4440 చిప్‌కు పన్నెండు వోల్టులే చాలు కదా. దొర గడీలో ఇటికబెడ్డ బ్యాటరీ దగ్గరికి మేం అలా తిరిగి వచ్చాం.

జపానులో సంగీతం పిచ్చివాళ్లు కొందరు ఇంటి ముందు సొంత కరెంటు స్తంభం పాతించుకుని, దాని మీద సొంత ట్రాన్స్‌ఫార్మరు పెట్టించుకుంటారని 2016లో పేపర్లో వచ్చింది. ఇరుగుపొరుగుల ఫ్రిజ్జుల మురికి తమ పాటలో కలవకూడదట. చిన్నమ్మకు చదివి వినిపించాను. "పొలానికి ట్రాన్స్‌ఫార్మరు కావాలంటే మనోళ్లు చందాలేసుకుని ఆఫీసు చుట్టు తిరుగుతరు, వాళ్లు పాటలకు పెట్టుకుంటరా?" అని చాలాసేపు ఆశ్చర్యపోయింది.

చిన్నాయన కూతురును భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగికి ఇచ్చారు. ఆ దగ్గరే చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. 2010లో 500 మెగావాట్లతో మొదలై, 2016లో మరో 600 మెగావాట్లు కలుపుకుంది. కూతుర్ని చూడబోతూ చిన్నాయన మిఠాయి డబ్బాతో పాటు యాంప్లిఫయరు కూడా సంచిలో పెట్టుకున్నాడు. కరెంటు పుట్టే చోట దానికి నలుసు అంటే అవకాశమే ఉండదు కదా అని ఆశ. తీరా ప్లగ్గులో పెడితే జనగామ కంటే ఎక్కువ గోల! అల్లుడు సౌమ్యుడు, నెమ్మదిగా వివరించాడు. ఇక్కడ పుట్టినది నేరుగా క్వార్టర్లకు రాదు మామయ్యా, పెద్ద టవర్ల మీద గ్రిడ్డుకు పోతుంది, అన్నిటితో కలిసిపోతుంది, సబ్‌స్టేషన్లు తిరిగి మళ్లీ మన వీధికి వస్తుంది. పైగా ప్రతి ఇంట్లోనూ ఎల్ఈడీ బల్బులు, సెల్‌ఫోన్ చార్జర్లు, ఇన్వర్టర్లు, ఒక్కోటి ఒక్కో నలుసు వదులుతుంది. బావి గట్టున ఉన్నా నల్లా నీళ్లే గతి. యాంప్లిఫయరు మళ్లీ సంచిలోకి వెళ్లింది.

ఈ జనగామ, మానుకోట, భూపాలపల్లి అన్నీ అప్పట్లో ఒక్క వరంగల్ జిల్లాలోనివే. 2016 అక్టోబరులో మూడు జిల్లాలయ్యాయి. కరెంటు మాత్రం అంతకు ముందే ఎదురు దారిలో నడిచింది, విడివిడిగా ఉన్నది ఒక్కటైంది. దక్షిణాది గ్రిడ్డు చాలా ఏళ్లు వేరుగా ఊగేది. తొంభైల్లో యాభై సార్లు ఊగవలసింది బరువు తట్టుకోలేక నలభై ఎనిమిది దగ్గరికి జారిపోయేది. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాది, తూర్పు రాష్ట్రాలు చీకటైపోయినప్పుడు మనకు దీపాలు వెలుగుతూ ఉండడానికి ఆ వేరు కాపురమే కారణం. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూర్ మధ్య పెద్ద లైను కలిశాక కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా ఒకే లయ.

ఈ లయలో ఒక చిత్రం ఉంది. ఎంత సరిచేసినా ఆ ఊపు రవ్వంత పెరుగుతూ తగ్గుతూనే ఉంటుంది, ఏ రెండు రోజులూ ఒకేలా ఉండవు. రుమేనియాలో గ్రిగోరస్ అనే నిపుణుడు, ఆ తర్వాత లండన్ పోలీసులు, రికార్డింగులో వినిపించే గుయ్యిని గ్రిడ్డు లెక్కలతో పోల్చి అది ఏ రోజు ఏ గంటకు పట్టిందో చెప్పే పద్ధతి కనిపెట్టారు. మనం మురికి అనుకున్నది వాళ్లకు వేలిముద్ర. నాకు ప్రాణం లేచొచ్చి, మరి నాయనమ్మ టేపు? అని మావాడిని అడిగాను. వాడు ఇంజనీరింగు చదువుతున్నాడు. క్యాసెట్టు తిరిగే వేగమే నిలకడగా ఉండదమ్మా, కుదరదు అన్నాడు. అని ఊరుకోలేదు, కంప్యూటరులో పెట్టి గుయ్యిని తీసేస్తానన్నాడు.

తీశాడు కూడా. మొన్న దసరాకు జనగామ తీసుకెళ్లి వినిపించాం. మోత లేదు, నిజమే. కానీ నాయనమ్మ గొంతు జలుబు చేసినట్టు, ఎవరో డబ్బాలోంచి పాడినట్టు ఉంది. నూరు మీద ఉన్న గుయ్యికి రెండొందల మీద, మూడొందల మీద కూడా పిల్లలుంటాయట. ఆడవాళ్ల గొంతు నడిచేది కూడా ఆ దారిలోనే. వాటిని కోసినప్పుడు ఆమె గొంతూ కొంత తెగిపోయింది.

చిన్నాయన ఏమీ అనలేదు. మనవడి వీపు నిమిరి, బీరువాలోంచి పాత క్యాసెట్టు తీసి, బ్యాటరీ వైర్లు తగిలించి పెట్టాడు. గుయ్యిమంటూ నాయనమ్మ వచ్చింది. గూడ్సు బండి వచ్చే చోటు దగ్గరికి రాగానే ఆయన చెయ్యి వాల్యూము మీదికి వెళ్లి కొంచెం తగ్గించింది, కూత అయిపోయాక పెంచింది. ముప్ఫై ఏళ్లుగా అలవాటైన చెయ్యి.

మంచినీళ్లకని నేను వంటింట్లోకి వెళ్లాను. చిన్నమ్మ మిక్సీ ముందు, జార్ మూత మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. బ్యాటరీ మీదే కదా నడుస్తోంది, వేసుకోవచ్చేమో అన్నాను.

"రెండో దిక్కు కూడ అయిపోనీ" అన్నది. "అత్తమ్మ పాడుతున్నది కద."