బీఎండబ్ల్యూ ఎక్స్3: మోడల్ సంవత్సరాల వారీగా విశ్వసనీయత చరిత్ర

బీఎండబ్ల్యూ ఎక్స్3 జర్మనీకి చెందిన బీఎండబ్ల్యూ సంస్థ 2003 నుంచి అమ్ముతున్న చిన్న తరహా విలాస ఎస్‌యూవీ. దీనికి ఇప్పటివరకు నాలుగు తరాలు వచ్చాయి: ఈ83 (2003–2010), ఎఫ్25 (2010–2017), జి01 (2017–2024), 2024లో మొదలైన జి45. ఈ కారును ఎంతవరకు నమ్మవచ్చు అన్న ప్రశ్నకు అన్ని ఏళ్లకూ సరిపోయే జవాబు లేదు. మంచి ఏళ్లకూ ఇబ్బంది పెట్టిన ఏళ్లకూ మధ్య గీత చాలాసార్లు తరం మారినచోట కాకుండా ఇంజను మారినచోట పడింది. పైకి తేడా కనిపించని రెండు కార్లలో ఒకటి రెండు లక్షల కిలోమీటర్లు దాటినా నడుస్తూ ఉంటే, రెండోది అందులో సగం దూరానికే ఇంజను విప్పించిన సందర్భాలున్నాయి.

ఏళ్లవారీ పోలికకు ఆధారం చాలావరకు యజమానుల సర్వేలే. అమెరికాలో 1936లో ఏర్పడిన కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ తన సభ్యులను ఏటా అడిగి, ఇంజను, గేర్‌బాక్సు, బ్రేకులు, విద్యుత్ పరికరాలు వంటి విభాగాలుగా ఒక్కో మోడల్ సంవత్సరానికి వేర్వేరుగా మార్కులు వేస్తుంది. జె.డి. పవర్ సంస్థ మూడేళ్లు నిండిన కార్లలో ప్రతి వందకు ఎన్ని సమస్యలు వచ్చాయో లెక్కగడుతుంది. జర్మనీలో ఏడీఏసీ మోటారు క్లబ్బు దారిలో ఆగిపోయిన కార్ల లెక్కను 1978 నుంచి ప్రచురిస్తోంది. ఈ లెక్కలను చదివేటప్పుడు వాటి హద్దులు గుర్తుంచుకోవాలి. జె.డి. పవర్ పద్ధతిలో ఫోను కారుతో కలవకపోవడమూ ఒక సమస్యే, టైమింగ్ చైన్ తెగిపోవడమూ ఒక సమస్యే. ఏడీఏసీ పట్టికలోకి దారిలో నిలిచిపోయిన బండే ఎక్కుతుంది. నెలల తరబడి ఆయిలు కారుతున్న బండి ఎక్కదు.

మోడల్ సంవత్సరానికీ క్యాలెండరు సంవత్సరానికీ ఉన్న తేడా కూడా ఇక్కడ ముఖ్యం. అమెరికా మార్కెట్టు కోసం 2012 చివర తయారైన కారు 2013 మోడల్‌గా అమ్ముడవుతుంది. అక్కడి 17 అక్షరాల ఛాసిస్ నంబరులో పదో అక్షరం ఆ సంవత్సరాన్ని తెలుపుతుంది: ‘సి’ అయితే 2012, ‘డి’ అయితే 2013. భారతదేశంలో ఆర్‌సీ మీద ఉండేది తయారైన నెల, సంవత్సరం. మెరుగుపరిచిన భాగాలు ఉత్పత్తిలోకి వచ్చేదీ, రీకాల్ పరిధిని నిర్ణయించేదీ తయారీ తేదీని బట్టే. అందువల్ల రెండింటిలోనూ ఎక్కువగా నమ్మదగినది తయారీ నెలే.

మొదటి తరం ఎక్స్3 ఆస్ట్రియాలోని గ్రాట్స్‌లో మాగ్నా స్టయర్ సంస్థ చేతుల్లో తయారైంది. తొలి పెట్రోలు కార్లలో ఎం54 అనే ఆరు సిలిండర్ల ఇంజను ఉండేది. లోపలి యంత్రభాగం గట్టిదే గాని, దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్కు, రబ్బరు భాగాలు అంత కాలం నిలవలేదు. కూలెంట్ ట్యాంకు పగలడం, ఆయిలు ఆవిరిని తిరిగి ఇంజనులోకి పంపే వాల్వు పాడై ఆయిలు ఖర్చు పెరగడం 2004–2006 కార్లలో మామూలుగా వినిపించే ఫిర్యాదులు. 2006 చివర్లో చేసిన మార్పులతో ఎన్52 ఇంజను వచ్చింది. మెగ్నీషియం, అల్యూమినియం కలిపి పోసిన దీని బ్లాకు చాలా తేలిక. ఇనుప బోల్టులు మెగ్నీషియాన్ని తినేస్తాయి కాబట్టి అల్యూమినియం బోల్టులు వాడారు. వాటిని ఒకసారి విప్పితే తిరిగి బిగించకూడదు, కొత్తవే వేయాలి. ఈ సంగతి తెలియని షెడ్డులో చేసిన పని తర్వాత ఆయిలు కారితే తప్పు ఇంజనుది కాదు. ఎన్52లో విద్యుత్‌తో తిరిగే నీటి పంపు లక్ష కిలోమీటర్లకు అటూ ఇటూగా ముందు హెచ్చరిక లేకుండా ఆగిపోయేది. ఆయిలు ఫిల్టరు గూడు దగ్గర గ్యాస్కెట్టు ఎండిపోతే ఆయిలు నేరుగా ముందరి బెల్టు మీద పడేది. ఇవి ఖర్చుతో తీరే ఇబ్బందులు. టర్బో లేని ఈ ఇంజను మాత్రం సంస్థ చేసిన వాటిలో దీర్ఘకాలం నిలిచేవాటిలో ఒకటి. 2007–2010 పెట్రోలు ఎక్స్3కి ఉన్న మంచి పేరు దీనివల్లనే వచ్చింది. అయితే 2017 నవంబరులో అమెరికాలో 2007–2011 నాటి ఆరు సిలిండర్ల కార్లను దాదాపు 7.4 లక్షలు వెనక్కి పిలిచినప్పుడు వాటిలో ఎక్స్3 కూడా ఉంది. క్రాంక్‌కేసు వాల్వును వేడిచేసే చిన్న హీటరులో షార్ట్ సర్క్యూట్ వచ్చి మంటలు లేచే ప్రమాదం ఉండడమే దానికి కారణం.

ఈ తరంలో మరో లోపం ఎక్స్‌డ్రైవ్ అనే ఫోర్‌వీల్ డ్రైవ్ వ్యవస్థలో ఉంది. ఇంజను శక్తిని ముందు చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో క్లచ్చును ఒక చిన్న మోటారు నొక్కుతుంది. ఆ మోటారు తిప్పే పళ్లచక్రం ప్లాస్టిక్కుది. మోటారు ఎప్పుడూ కొద్దిపాటి కోణంలోనే అటూ ఇటూ కదులుతుంది కాబట్టి చక్రంలో ఒకేచోట పళ్లు అరిగిపోతాయి, మిగతా చుట్టంతా కొత్తదానిలా ఉంటుంది. అప్పుడు డాష్‌బోర్డు మీద ఏబీఎస్, ఫోర్‌వీల్ దీపాలు కలిసి వెలుగుతాయి. చాలామంది ట్రాన్స్‌ఫర్ కేసు మొత్తాన్నీ మార్పించుకుని పెద్ద మొత్తం చెల్లించారు. నిజానికి మార్చవలసింది అరచేతిలో పట్టే ఆ చక్రాన్నే. నాలుగు టైర్ల అరుగుదల సమానంగా లేకపోతే ఈ భాగం మీద భారం ఇంకా పెరుగుతుంది. టైర్ల సంగతి తర్వాతి తరాల ఎక్స్‌డ్రైవ్‌కు కూడా వర్తిస్తుంది.

విశ్వసనీయత చరిత్రలో అతి కష్టకాలం ఎన్47 డీజిలుతో మొదలైంది. రెండు లీటర్ల ఈ ఇంజను 2007లో ఈ83లోకి వచ్చింది, ఎఫ్25లో 2014 వరకు కొనసాగింది. దీని టైమింగ్ చైన్ ఇంజను వెనక, గేర్‌బాక్సు వైపు ఉంటుంది. ముఖ్యంగా తొలి ఏళ్లలో తయారైనవాటిలో చైన్, దాని గైడ్లు త్వరగా అరిగాయి. ఉదయం స్టార్టు చేయగానే వెనకవైపు నుంచి వచ్చే గరగర చప్పుడే తొలి సూచన. చైన్ తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజను పనికిరాకుండా పోతుంది. తెగకముందే మార్చాలన్నా గేర్‌బాక్సునో, మొత్తం ఇంజనునో కిందికి దించాలి కాబట్టి భాగాల ధర కన్నా కూలి ఎక్కువ. 2014లో ఎఫ్25 రూపం మార్చినప్పుడు ఎన్47 స్థానంలో బీ47 వచ్చింది. అందులోనూ చైన్ వెనకనే ఉంది, కానీ ఆ ఫిర్యాదులు బాగా తగ్గాయి. చైన్ వెనక ఉండడం మరమ్మతును ఖరీదు చేసింది, అరుగుదలకు మాత్రం అది మూలం కాదు.

రెండో తరం ఎఫ్25 ఉత్పత్తి అమెరికాలోని స్పార్టన్‌బర్గ్‌కు మారింది. ఎనిమిది గేర్ల జెడ్‌ఎఫ్ ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఈ తరానికి దక్కిన మేలు. అమెరికాలో 2011, 2012 ఎక్స్3 28ఐ కార్లలో పాత ఎన్52 ఇంజనే ఉంది. 2013 మోడల్ నుంచి అదే పేరుతో రెండు లీటర్ల టర్బో ఇంజను ఎన్20 వచ్చింది. దీని చైన్ గైడ్ల ప్లాస్టిక్కు కాలక్రమంలో పెళుసుబారి ముక్కలయ్యేది. ముక్కలు ఆయిలు సంపులో చేరి పంపు జల్లెడను మూస్తే ఇంజనుకు ఆయిలు అందదు. ఈ లోపం మీద అక్కడి యజమానులు కోర్టుకెక్కారు. చివరికి 2015 వరకు వచ్చిన కార్లకు చైన్ వారంటీ పొడిగింపు లభించింది. అందువల్ల 2012, 2013 కార్లు చూడడానికి ఒకేలా ఉన్నా వాడినకారుగా కొనేవారికి అవి రెండు వేర్వేరు బండ్లు. 2024 ఆగస్టులో అమెరికాలో 7.2 లక్షల కార్లను వెనక్కి పిలిచినప్పుడు కూడా ఈ తరం చిక్కింది. నీటి పంపు ప్లగ్గు మీద తేమ చేరి షార్ట్ అయ్యే ప్రమాదం దానికి కారణం. ఆయిలు మార్పు గడువు పెద్దదిగా పెట్టడం చైన్ల అరుగుదలను వేగిరం చేసిందని మెకానిక్కులు చాలాకాలంగా అంటున్నారు. యూరప్‌లో ఆ గడువు 30,000 కిలోమీటర్ల దాకా ఉండేది. అమెరికాలో 15,000 మైళ్ల గడువును సంస్థే తర్వాత 10,000 మైళ్లకు తగ్గించింది.

భారతదేశంలో ఈ తరాన్ని 2011 నుంచి చెన్నై దగ్గరి కర్మాగారంలో కూర్చారు, ఇక్కడ ప్రధాన రకం 20డి డీజిలు. కాబట్టి డాలస్‌లో 2013 ఎక్స్3 నడిపిన తెలుగువారి అనుభవం హైదరాబాదులో 2013 ఎక్స్3 కొనేవారికి దాదాపు పనికిరాదు. అక్కడిది ఎన్20, ఇక్కడిది ఎన్47. డీజిలు కార్లకు మరో సమస్య 2018లో బయటపడింది. పొగను తిరిగి ఇంజనులోకి పంపే ఈజీఆర్ కూలరు నుంచి కారిన కూలెంట్ మసితో కలిసి అంటుకుంటోందని తేలింది. దక్షిణ కొరియాలో వరుసగా కార్లు తగలబడ్డాక, ప్రపంచవ్యాప్తంగా సుమారు 16 లక్షల కార్లను పిలిపించారు.

మూడో తరం జి01తో పరిస్థితి బాగా మెరుగుపడింది. బీ48, ఎం40ఐ రకంలోని ఆరు సిలిండర్ల బీ58 సంస్థకు పోయిన పేరును తిరిగి తెచ్చిన ఇంజన్లు. ప్లాస్టిక్కు ఆయిలు ఫిల్టరు గూడు దగ్గర కూలెంట్ కారడం వీటిలో చెప్పుకోదగ్గ బలహీనత. లోపాలు ఎక్కువగా విద్యుత్ భాగాల్లో కనిపించాయి. 2020లో ప్లగిన్ హైబ్రిడ్ 30ఈ బ్యాటరీ సెల్లుల్లో మలినాలు చేరాయని రీకాల్ వచ్చింది. 2020–2022 కార్లలో స్టార్టరు మోటారులోకి నీరు చేరి తుప్పుపట్టే లోపం మీద 2025లో మరొకటి వచ్చింది. తొలి ఏడాది కన్నా 2021లో మార్పులు చేశాక వచ్చిన పెట్రోలు కార్లను ఎంచుకోవడం మేలు.

2024 జూన్‌లో ఆవిష్కరించిన జి45 భారత మార్కెట్టుకు 2025 జనవరిలో వచ్చింది. దాని ఇంజన్లు జి01 ఇంజన్ల కుటుంబానివే, 48 వోల్టుల సహాయ మోటారు తోడైంది. జర్మనీలో కారుకు మొదటి తప్పనిసరి తనిఖీ మూడేళ్లకు జరుగుతుంది కనుక ఈ తరం మీద ఆ తనిఖీల గణాంకాలు 2027 తర్వాతే మొదలవుతాయి. అప్పటిదాకా పోలికకు దొరికేవి రీకాల్ నోటీసులు, తొలి నెలల సర్వేలు మాత్రమే.