తీర్థం నుంచి టూరిజం దాకా

మాఘ పౌర్ణమి దగ్గర పడితే నాకిప్పటికీ బ్లీచింగ్ పౌడర్ వాసన గుర్తొస్తుంది. శ్రీకాకుళం జిల్లా తీర గ్రామాల్లో పంచాయతీ గుమస్తాగా ఉన్న రోజుల్లో, సముద్ర స్నానాలకు ముందు దండోరా వేయించేవాళ్లం. ఇసుకలో తాటాకు పందిరి, రెండు కుండల చలివేంద్రం, పెట్రోమాక్స్ దీపాలు. తెల్లారేసరికి ఎడ్లబళ్లు బారులు తీరేవి. సైకిల్ స్టాండు పాట, అంగళ్ల ఆశీలు కలిపి వచ్చిన డబ్బు, మర్నాడు తీరం ఊడ్చినవాళ్ల కూలికి సరిపోతే అదే సంతోషం. దాన్ని టూరిజం అని ఎవరూ అనలేదు. తీర్థం అనేవాళ్లం.

ఈ తీరానికి పైవాళ్ల రాక కొత్త కాదు. చింతపల్లి దగ్గర సముద్రంలోని రాళ్ల నుంచి ఓడలను కాయడానికి 1847లోనే దీపం వెలిగింది. కళింగపట్నం దీపస్తంభం 1876 నాటిది. అక్కడికి దగ్గర్లోనే, వంశధార ఒడ్డున శాలిహుండం. ఆ బౌద్ధ స్థలాన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామమూర్తి పంతులుగారే.

1884 మద్రాసు చట్టం కింద రోడ్లు, సత్రాలు లోకల్ బోర్డుల చేతికొచ్చాయి. కళింగపట్నం అప్పుడు గంజాం జిల్లాలో ఉండేది. 1936లో విశాఖ జిల్లాలోకి, 1950లో శ్రీకాకుళంలోకి వచ్చింది. జిల్లాలు మారినా బాటసారికి నీడ చూపించే పని స్థానిక సంస్థలదే.

1993లో 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చాక, పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాల జాబితా నా చేతికొచ్చింది. చేపల పరిశ్రమ ఉంది. రోడ్లున్నాయి. సంతలు, తీర్థాలూ ఉన్నాయి. పర్యాటకం లేదు. రెండుసార్లు వెతికాను.

ఆ లోటు ఏం చేస్తుందో కళ్లారా చూశాను. ఒక ఊళ్లో సరిగ్గా తెప్పలు ఒడ్డుకు లాగే దారిలో సిమెంటు బెంచీలు వేసి పోయారు. సర్పంచికి ముందు మాట చెప్పలేదు. అడిగుంటే వేటకెళ్లే ఏ కుర్రాడైనా చోటు చూపించేవాడు. సందర్శకుల చెత్త ఎత్తే బాధ్యత మాత్రం పంచాయతీ మీదే పడింది.

పంచాయతీలకు ఏ అధికారాలివ్వాలో చట్టం చెయ్యాల్సింది రాష్ట్ర శాసనసభే. తీర గ్రామాలకు పర్యాటకాన్ని అప్పగించండి. బీచ్‌లో పార్కింగ్ రుసుము వసూలైతే అందులో ఊరి వాటా ఊరికి వదలండి. బెంచీ వేసేముందు గ్రామసభలో ఒక్కసారి అడగండి.