మద్రాసు నుంచి మ్యూరెన్ దాకా

స్కీ అన్నది నార్వే వారి మాట. దానికి మూలమైన పాత నార్స్ పదానికి చీల్చిన కర్ర అని అర్థం. పప్పుబద్ద, వెదురుబద్ద అంటాము చూడండి, ఆ బద్ద అన్న మాట దీనికి చక్కగా అతుకుతుంది. మంచులో కాలు దిగబడకుండా నడవడానికి నార్వే రైతు పాదాలకు కట్టుకున్న రెండు బద్దలు, ఆల్ప్స్ పర్వతాలలో ఏటా లక్షలాది మంది బృందాలుగా చేరి జరుపుకునే సెలవుల పండుగకు ఎలా ఆధారమయ్యాయి? ఈ ప్రశ్నతో కొన్నాళ్ళుగా పుస్తకాలు తిరగవేస్తూ ఉంటే, ఊహించని చోట మద్రాసు తగిలింది. మరొక చోట కాందహారు తగిలింది. ఈ టపా ఆ రెండు పేర్ల వెంట సాగిన చిన్న ప్రయాణం.

పందొమ్మిదో శతాబ్దం నడుమ వరకూ ఆల్ప్స్ పల్లెలకు శీతాకాలం తలుపులు మూసుకునే కాలం. పశువులు కొట్టంలో, మనుషులు పొయ్యి పక్కన. యాత్రికులు వచ్చేది వేసవిలోనే. స్విట్జర్లాండులోని సాంక్ట్ మోరిట్జ్ ఊరిలో యోహాన్నెస్ బాడ్రుట్ అనే హోటలు యజమాని, 1864లో వేసవి ముగిసి ఇంటిదారి పట్టిన తన ఇంగ్లీషు అతిథులతో ఒక పందెం కాశాడని కథ చెప్పుకుంటారు. శీతాకాలంలో వచ్చి చూడండి, నచ్చకపోతే దారి ఖర్చులు నావి అన్నాడట. వాళ్ళు క్రిస్మసుకు వచ్చి ఈస్టరు దాకా ఉండిపోయారట. కథలో కల్పన పాలు ఎంతైనా, చలికాలపు ఎండ కోసం ఆ తరువాత జనం రావడం మాత్రం నిజం. పక్కనున్న డావోస్‌కు క్షయరోగులు వచ్చేవారు. ఆ రోజుల్లో క్షయకు మందు లేదు, కొండగాలే మందు.

నాన్సెన్ అనే నార్వే సాహసికుడు 1888లో స్కీల మీద గ్రీన్‌లాండును అడ్డంగా దాటి, ఆ యాత్రను పుస్తకంగా రాశాడు. అది చదివిన మధ్య ఐరోపా యువకులకు స్కీల పిచ్చి పట్టింది. షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త కోనన్ డాయిల్, భార్య క్షయవ్యాధి చికిత్స కోసం డావోస్‌లో ఉంటూ, బ్రాంగెర్ సోదరులనే ఇద్దరు స్థానికులతో కలిసి 1894 మార్చిలో ఒక కనుమ దాటి ఆరోసా గ్రామానికి స్కీల మీద వెళ్ళాడు. ఆ అనుభవం రాస్తూ, ముందు ముందు ఇంగ్లీషువాళ్ళు వందల సంఖ్యలో దీనికోసమే స్విట్జర్లాండుకు వస్తారని జోస్యం చెప్పాడు. వందలని తక్కువ చెప్పాడు, అంతే తేడా.

ఆ వందలను వెంటబెట్టుకు వచ్చిన మనిషి హెన్రీ లన్. ఇతడు మెథడిస్టు క్రైస్తవ ప్రబోధకుడు, వైద్యుడు. 1880ల చివర వైద్య మిషనరీగా మద్రాసు ప్రాంతానికి వచ్చాడు. 1888లో అతని పెద్దకొడుకు ఆర్నాల్డ్ మద్రాసులోనే పుట్టాడు. ఆరోగ్యం దెబ్బతిని తండ్రి ఏడాదికే తిరిగి వెళ్ళిపోయాడు. వెళ్ళి, భారతదేశంలో మిషనరీలు దర్జాగా బ్రతుకుతున్నారని విమర్శించి పెద్ద వివాదం రేపాడు. ఆపైన విడిపోయిన క్రైస్తవ శాఖలను కలపాలన్న కోరికతో 1892లో గ్రిండెల్వాల్డ్ అనే స్విస్ గ్రామంలో చర్చి పెద్దల సమావేశం పెట్టాడు. శాఖలు కలవలేదు గానీ, మనుషులను గుంపుగా తీసుకువెళ్ళి రైలు, హోటలు, భోజనం ఒకే ధరకు ఏర్పాటు చేయడం తనకు బాగా వచ్చునని అతనికి తెలిసింది. 1898లో ఫ్రాన్సులోని షామోనీకి శీతాకాలపు బృందాన్ని తీసుకువెళ్ళాడు. పదేళ్ళ ఆర్నాల్డ్ మొదటిసారి స్కీలు కట్టుకున్నది అక్కడే.

ఒక చిక్కు వచ్చింది. యాత్రల కంపెనీ వెంట గుంపులో వెళ్ళడం ఇంగ్లీషు పెద్దింటి వాళ్ళకు నామోషీ. హెన్రీ లన్ దానికి కనిపెట్టిన ఉపాయం 1905 నాటి పబ్లిక్ స్కూల్స్ ఆల్పైన్ స్పోర్ట్స్ క్లబ్. పేరులో పబ్లిక్ ఉన్నా, ఈటన్, హారో వంటి ఖరీదైన బడులలోనో, పెద్ద విశ్వవిద్యాలయాలలోనో చదివినవారికీ, సైనికాధికారులకూ మాత్రమే అందులో ప్రవేశం. శీతాకాలంలో హోటళ్ళకు హోటళ్ళే ఆ సభ్యులకు కేటాయించేవారు. పగలు స్కేటింగు, జారుబళ్ళు, స్కీలు. రాత్రి దొరసానులతో నృత్యాలు, మారువేషాల పోటీలు. అందరూ ఒకరికొకరు తెలిసినవారే, తెలియకపోయినా ఒకే బడివారే. అంటే ఆ ఉల్లాసానికి పునాది మంచు ఒక్కటే కాదు, వాకిట్లో నిలబడ్డ కాపలా కూడా. సామూహిక సెలవుల చరిత్రలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించిన సంగతి ఇదే. బృందం అనగానే దానికొక గుమ్మం ఉంటుంది. ఎవరిని లోనికి రానిస్తారన్నదే ఆ బృందం చరిత్ర.

ఇటు ఊళ్ళ సంగతి చూడాలి. లౌటర్‌బ్రునెన్ లోయ పైన, కొండచరియ అంచున, సుమారు 1,650 మీటర్ల ఎత్తులో మ్యూరెన్ అనే పల్లె ఉంది. 1891లోనే దానికి కొండరైలు వచ్చింది గానీ, చలికాలంలో నడిచేది కాదు. 1910లో హెన్రీ లన్ రైలు కంపెనీని ఒప్పించి శీతాకాలంలోనూ నడిపించాడు. దాంతో ఆ పల్లె క్యాలెండరు తలకిందులైంది. పశువులు మేపే కుటుంబాలలో వాళ్ళు చలికాలంలో స్కీ గురువులయ్యారు, హోటలు పనివారయ్యారు. ఖాళీ నెలలు జీతం నెలలయ్యాయి. అతిథుల గుమ్మం వాళ్ళకు తెరుచుకోలేదు, అయినా బ్రతుకుతెరువు దొరికింది.

ఇక కాందహారు. 1880లో కాబూలు నుంచి కాందహారుకు సైన్యాన్ని సుమారు మూడు వారాల్లో నడిపించిన బ్రిటిష్ సేనాని ఫ్రెడరిక్ రాబర్ట్స్. పుట్టింది కాన్పూరులో. ఆ తరువాత మద్రాసు సైన్యానికి అధిపతిగా కూడా పనిచేశాడు. బిరుదులో కాందహారు చేరి లార్డ్ రాబర్ట్స్ ఆఫ్ కాందహార్ అయ్యాడు. లన్ గారి క్లబ్బుకు ఇతడు ఉపాధ్యక్షుడు. ఆర్నాల్డ్ లన్ 1911 జనవరిలో మోంటానాలో ఒక పందెం పెట్టి, దానికి ఈ ముసలి సేనాని పేరిట కప్పు సంపాదించాడు. పోటీదారులు ముందురోజే కొండెక్కి గుడిసెలో పడుకుని, మర్నాడు ప్లేన్ మోర్ట్ హిమానీనదం నుంచి కిందికి దూకారు. చదును చేసిన దారి లేదు, జెండాల గుర్తులు లేవు. గెలిచిన సిసిల్ హాప్కిన్సన్‌కు 61 నిమిషాలు పట్టింది. ఆ పందెంతో కాందహారు స్కీ పదకోశంలోకి ఎక్కింది. 1924లో మ్యూరెన్‌లో పెట్టిన క్లబ్బుకూ ఆ పేరే, బూటును స్కీకి బిగించే ఒక తీగకట్టుకూ ఆ పేరే. గాంధారిని తలపించే ఆ పేరు పలికే యూరపు ఆటగాళ్ళలో దాని వెనుక ఒక యుద్ధం ఉందని ఎందరికి తెలుసు?

అప్పటి స్కీ పోటీలలో ఒంటి వయ్యారానికి మార్కులు వేసేవారు. ఆర్నాల్డ్ లన్‌కు అది నచ్చలేదు. చెట్ల మధ్య నుంచి త్వరగా, పడకుండా దిగగలవాడే నేర్పరి అని అతని వాదం. చెట్ల బదులు జెండాలు పాతి, 1922 జనవరిలో మ్యూరెన్‌లో ఆధునిక స్లాలమ్ పందెం నడిపాడు. స్లాలమ్ అన్న మాట నార్వే వారిదే: స్లా అంటే వాలు, లోమ్ అంటే జాడ. అంతర్జాతీయ సమాఖ్య 1930లో ఈ పందేలను ఒప్పుకుంది. 1931లో మొదటి ప్రపంచ పోటీలు మ్యూరెన్‌లోనే జరిగాయి. స్త్రీలకు స్లాలమ్‌లోనూ డౌన్‌హిల్‌లోనూ ప్రథమస్థానం ఎస్మే మెకినన్ అనే పదిహేడేళ్ళ అమ్మాయిది. ఒలింపిక్స్‌లో ఇంకా ఈ ఆటకు చోటు లేని రోజుల్లో స్త్రీలకు సమాన పందేలు! అది తెరుచుకున్న మొదటి తలుపు.

మరో తలుపు తెరిచినవాడు ఆస్ట్రియాలోని సాంక్ట్ ఆంటన్ ఊరిలో స్కీ నేర్పిన హాన్నెస్ ష్నైడర్. నేర్చుకునేవారిని వారి వారి శక్తిని బట్టి తరగతులుగా విడదీసి, ముందు కాళ్ళు ముక్కోణంలా పెట్టి ఆగడం, తరువాత తిరగడం, ఆ తరువాతే వేగం అని ఒక క్రమం ఏర్పరచాడు. స్కీ బడి అనే వ్యవస్థకు ఒరవడి అదే. కొన్నేళ్ళ క్రితం మా ఆఫీసు మిత్రులం ఒక స్విస్ గ్రామంలో అయిదు రోజులు గడిపినప్పుడు, మొదటి రోజు మమ్మల్ని నిలబెట్టింది ఆ ముక్కోణంలోనే. గుంటూరు, వరంగల్, క్రాకో, పోర్టో ఊళ్ళ వాళ్ళం వరుసగా మోకాళ్ళు వంచి నిలుచుంటే, నాలుగేళ్ళ స్విస్ పిల్లలు మా పక్కనుంచి పాలపిట్టల్లా దూసుకుపోయారు. సాయంత్రం తడి చేతిగవుసులు హీటరు మీద ఆరుతుంటే, ఎవరు ఎన్నిసార్లు పడ్డారో లెక్కలు, నవ్వులు. మేము తీసుకువెళ్ళిన పులిహోర పోలండు మిత్రునికి తెగ నచ్చింది. 1905 నాటి క్లబ్బు గుమ్మం దగ్గర మాలో ఒక్కరినీ రానిచ్చేవారు కారు.

ఈ తలుపులన్నీ నెమ్మదిగా తెరుచుకున్నవేం కావు. కొన్ని మూసుకున్నాయి కూడా. ఆస్ట్రియా, జర్మనీల ఉమ్మడి పర్వతారోహక సంఘం 1924లో, యూదులు ఎక్కువగా ఉన్నదని డోనౌలాండ్ శాఖను వెలివేసింది. 1938 మార్చిలో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించగానే హాన్నెస్ ష్నైడర్‌ను నిర్బంధించారు. అతనూ ఆర్నాల్డ్ లన్నూ కలిసి 1928లో ప్రారంభించిన ఆర్ల్‌బర్గ్-కాందహార్ పందెం సరిగ్గా ఆ రోజుల్లోనే సాంక్ట్ ఆంటన్‌లో జరగవలసి ఉంది. లన్ దాన్ని రద్దు చేశాడు. ఆటకూ రాజకీయానికీ సంబంధం లేదని చేతులు దులుపుకోలేదు. ష్నైడర్ 1939లో అమెరికా చేరి అక్కడ మళ్ళీ బడి పెట్టుకున్నాడు.

సామాన్యుని గుమ్మం ఎప్పుడు తెరుచుకుంది? ఎర్నా లో అనే వియన్నా యువతి లండనులో చదువుకుంటూ 1932లో పత్రికలో ప్రకటన ఇచ్చి, పదిహేను పౌండ్లకు రెండు వారాల ఆస్ట్రియా యాత్రకు బృందాన్ని కూర్చింది. బడి పేరు అడగలేదు. ఆ తరువాత కొన్ని దశాబ్దాలు ఆమె నడిపిన బృందాలు, వాటి ఉల్లాసం పేరుపొందాయి. 1936లో ఫ్రాన్సు ప్రభుత్వం కార్మికులకు రెండు వారాల జీతంతో కూడిన సెలవు చట్టం చేసింది. 1953లో పారిస్ శివారు వాన్వ్ బడి పిల్లలను ఉపాధ్యాయులతో సహా సవాయ్ కొండలకు పంపారు. ఉదయం పాఠాలు, మధ్యాహ్నం స్కీలు. ఈ మంచు తరగతులు ఫ్రాన్సంతటా వ్యాపించాయి.

యంత్రం కూడా చేయి కలిపింది. 1934 డిసెంబరులో డావోస్‌లో ఎర్న్‌స్ట్ కాన్‌స్టామ్ మనుషులను తాడుతో పైకి లాగే లిఫ్టు నడిపాడు. అంతకుముందు చాలాచోట్ల స్కీల అడుగున సీల్ తోలు కట్టుకుని గంటల తరబడి ఎక్కితే గాని ఒక్కసారి దిగడం కుదరదు. ముందు నడిచేవాడు మంచులో దారి తొక్కాలి. అలసిపోతే వెనుకవాడు ముందుకు రావాలి. హిమపాతం విరిగిపడితే తవ్వి తీయడానికి మనుషులుండాలి. అప్పట్లో బృందం ఒక అవసరం. లిఫ్టు వచ్చాక ఒంటరిగా కూడా దిగవచ్చు. అయినా జనం బృందాలుగానే వెళుతున్నారు. అంటే అవసరం తీరాక కూడా మిగిలింది స్నేహమే.

ఇప్పుడు గుమ్మం సంగతి కాదు, ఇంటి పునాదే కదులుతోంది. ఆల్ప్స్‌లో రెండువేల మీటర్ల లోపు ఎత్తులలో, 1970ల మొదటి నుంచి లెక్క చూస్తే, మంచు నిలిచే కాలం మూడు వారాలకు పైగా తగ్గిందని శాస్త్రజ్ఞులు తేల్చారు. మ్యూరెన్ ఆ ఎత్తులలోపే ఉంది. 1928లో పదిహేడు మందితో అక్కడ మొదలైన ఇన్ఫెర్నో పందానికి ఈ రోజుల్లో పద్దెనిమిది వందల మందికి పైగా వస్తారు. తలుపులు అందరికీ తెరుచుకునే వేళకు మంచు కరుగుతోంది. మళ్ళీ ఎత్తైన, ఖరీదైన ఊళ్ళు మాత్రమే మిగిలితే, ఏ ప్రకటనా లేకుండానే ఆ పాత క్లబ్బు గుమ్మం తిరిగి లేస్తుంది. ఈసారి అడిగేది బడి పేరు కాదు, బ్యాంకు నిల్వ. చలికాలపు జీతం మీద మూడు తరాలు బ్రతికిన కింది పల్లెలవారికి మాత్రం ఆ ప్రశ్న అడిగేవారు కూడా ఉండరు.