టాస్మేనియా ప్లాటిపస్‌లలో శిలీంధ్ర వ్రణవ్యాధి: మూలాన్వేషణ చరిత్ర

ఒక వ్యాధి తొలిసారి నమోదైన సంవత్సరమే అది పుట్టిన సంవత్సరం కానక్కరలేదు. టాస్మేనియా ప్లాటిపస్‌లకు సోకిన చర్మవ్యాధి చరిత్రలో ఈ భేదమే కీలకమైనది.

ప్లాటిపస్ గుడ్లు పెట్టే క్షీరదం. తూర్పు ఆస్ట్రేలియాలోనూ, బాస్ జలసంధికి ఆవలనున్న టాస్మేనియా దీవిలోనూ మంచినీటి నదులు, వాగులు దాని ఆవాసాలు. 1982లో ఆ దీవిలోని కాంప్‌బెల్ టౌన్ వద్ద, ఎలిజబెత్ నదిలో, తీవ్రమైన పుండ్లతో ఉన్న ప్లాటిపస్‌లను గుర్తించారు. మరుసటి ఏడాది మండే, పీల్ ఈ వ్యాధిని శాస్త్రలోకానికి పరిచయం చేశారు. కారకం మ్యూకర్ ఆంఫిబియోరమ్ అనే శిలీంధ్రమని 1993లో వెలువడిన పరిశోధన తెలిపింది. వెనుక కాళ్ళపైనా తోకపైనా ఎర్రని గడ్డలు లేచి, నడుమ పగిలి పుండ్లవుతాయి. శిలీంధ్రం కొన్నిసార్లు ఊపిరితిత్తులకూ పాకుతుంది. చర్మం దెబ్బతిన్న జంతువు చల్లని నీటిలో దేహోష్ణాన్ని నిలుపుకోలేదు. పుండ్లలోకి బాక్టీరియా కూడా చేరుతుంది.

ఈ శిలీంధ్రానికి 1978లో షిప్పర్ పెట్టిన పేరే ఉభయచరాలతో దాని సంబంధాన్ని సూచిస్తుంది. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగపు కప్పలలో ఇది ఉంది. అయినా అక్కడి ప్లాటిపస్‌లలో ఈ వ్రణవ్యాధి కనిపించలేదు. ఈ వైరుధ్యం నుండే ఒక ఊహ పుట్టింది: అరటిపండ్ల పెట్టెల వంటి సరుకులలో దాగి వచ్చిన కప్పల ద్వారా శిలీంధ్రం దీవికి చేరి, రోగనిరోధక అనుభవం లేని ప్లాటిపస్‌లకు సోకిందని. వ్యాధి ఉత్తర టాస్మేనియా నదీ పరీవాహకాలకే ప్రధానంగా పరిమితం కావడం దీనికి అనుకూలమైన సాక్ష్యం.

అయితే ఇది నిర్ధారణ కాదు, అనుమానం మాత్రమే. ప్లాటిపస్ ఎక్కువగా రాత్రివేళ సంచరించి, పగలు ఒడ్డున బొరియలో దాగుతుంది. 1982కు ముందు దాని చర్మస్థితిని క్రమబద్ధంగా పరిశీలించిన వివరాలు లేనప్పుడు, "కనిపించలేదు" అన్నమాట "లేదు" అన్నదానికి సమానం కాజాలదు. శిలీంధ్రం ముందునుండే దీవిలో ఉండి, తరువాత మరింత తీవ్రరూపం దాల్చి ఉండవచ్చన్న వాదానికీ అందుచేత చోటుంది.

ఈ చర్చ కేవలం పాండిత్యవిషయం కాదు. వ్యాధి బయటినుండి వచ్చినదైతే, సరుకులతో వచ్చిన కప్పలను విడిచిపెట్టకుండా చూడడం, ఒక నది నుండి మరొక నదికి తీసుకెళ్ళే పరికరాలను శుభ్రపరచడం ముఖ్యం. స్థానికమైనదైతే, జంతువును బలహీనపరిచే నదీ పరిస్థితులను వెదకాలి. 2000ల దశకం చివరి సర్వేలలో వ్యాధిగ్రస్త జంతువులు తక్కువగానే దొరికాయి. అది కోలుకోవడమా, వ్యాధి సహజ ఆటుపోట్లలో ఒక దశా అని తేల్చడానికి కూడా పూర్వస్థితి తెలియాలి. ఆరోగ్యంగా ఉన్న కాలంలోనే వన్యప్రాణుల స్థితిని నమోదు చేయడం ఎందుకవసరమో ఈ చరిత్ర స్పష్టం చేస్తుంది.