పొలిమేర తగవులను పూర్వులు తీర్చిన విధము

ఈ వార్షిక సంచికకు మన కులపు పూర్వచరిత్రమును వ్రాయవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ఆ పని మాకంటె సమర్థులైన పెద్దలు చేసియే యున్నారు. కావున మేము దానిని వారికి విడిచి, నేలను నమ్ముకొని బ్రదుకు మనవారిలో పెక్కురకు ఎదురగు సీమావివాదమును, అనగా పొలిమేర తగవును, గూర్చి నాలుగు మాటలు విన్నవింపబూనితిమి.

ధర్మశాస్త్రములందు వ్యవహారపదములు పదునెనిమిది. అందు సీమావివాద మొకటి. రెండు గ్రామములకు ఎల్లను గూర్చి తగవు పుట్టినచో దానిని జ్యేష్ఠమాసమున నిర్ణయింపవలెనని మనువు చెప్పెను. ఎండలకు గడ్డి మాడి గుర్తులు బయటపడు కాలమదియే. ఏరువాకకు ముందే తగవు తెగినచో విత్తనము ఆగదను తలపును ఇందు కలదేమో యని మా ఊహ.

ఆ గుర్తులు రెండు తెఱగులు. మఱ్ఱి, రావి, మోదుగ, బూరుగ మున్నగు వృక్షములు, చెఱువులు, బావులు, దేవాలయములు కంటికి కనబడునవి. బొగ్గులు, ఊక, బూడిద, కుండపెంకులు, ఎముకలు, ఇసుక మున్నగునవి నేలలో పాతిపెట్టునవి. ఈ గుప్తచిహ్నములను బాలురకు చూపవలెననియు, వారు వృద్ధులైన పిమ్మట మరల పిల్లలకు చూపవలెననియు బృహస్పతి విధించెను. జీవితమంతయు బడిలో బాలురతో గడపిన మాకు ఈ విధి మిక్కిలి ప్రియమైనది.

ఇక సాక్షులెవరు? యాజ్ఞవల్క్యుడు ఇరుగుపొరుగువారిని, వృద్ధులను, పసులకాపరులను, ఎల్లనంటి దున్నుకొనువారిని, అడవిలో తిరుగువారిని పేర్కొనెను. మనువు వేటకాండ్రను, పక్షులను పట్టువారిని, జాలరులను, దుంపలు త్రవ్వువారిని, పాములవారిని గూడ అడుగుమనెను. సాక్ష్యవిషయమున ఇతరత్ర వర్ణభేదము పాటించిన మనువే ఇచ్చట నేలనెఱిగినవానిని వెదకుచున్నాడు. కులసభలలో మన ఘనతను మనము చెప్పుకొనుట వాడుక. ఐనను పొలిమేరకడ పసులకాపరి యెఱిగినది మన కామందులెఱుగరని ఒప్పుకొనక తప్పదు.

ఉభయగ్రామముల జనుల యెదుటనే విచారణ జరుగవలెను. సాక్షులు ఎఱ్ఱని వస్త్రములు, పూలదండలు ధరించి, తలపై మన్నుంచుకొని, తమ పుణ్యముపై ప్రమాణము చేసి ఎల్లను చూపుదురు. అబద్ధమాడిన సాక్షికి మనువు రెండువందల పణముల దండువ విధించెను. సాక్షులు లేనిచో చుట్టునున్న నాలుగు గ్రామములవారు నిర్ణయింపవలెను. ఎవ్వరికిని తెలియక, గుర్తులును లేనప్పుడే రాజు కలుగజేసికొనును. రాజుయొక్క మాట తుదిది గాని మొదటిది కాదు.

కల్యాణిలో ఆఱవ విక్రమాదిత్యుని కాలమున (1076–1126) విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్య రచించెను. పదుమూడవ శతాబ్దమున కేతన దానిని విజ్ఞానేశ్వరీయముగా తెనిగించెను. సంస్కృతము రాని తెలుగువానికిని ధర్మశాస్త్రము అందినది.

తరువాత సర్కారు కొలతలు వచ్చినవి. 1923లో మదరాసు రాజధానిలో సర్వే సరిహద్దుల చట్టము పుట్టినది. 1984లో ఆంధ్రప్రదేశమున కరణీకము రద్దైనది. కొలతలను మేము నిందింపము. గొలుసు పట్టిన చేయి రాతిని చూపగలదు. తరతరములుగా ఎవరి పసులు ఎచ్చట మేసినవో చూపజాలదు.

మా బాల్యమున జరిగినదొకటి చెప్పెదము. రెండు గ్రామముల నడుమ చెఱువు వెనుక భాగమున కొంత బీడు కలదు. ఒక ఊరివారు అందు జొన్న చల్లిరి. రెండవ ఊరివారు పసులను తోలిరి. కఱ్ఱలు లేచినవి. వ్యాజ్యమునకు ఇరువురును చందాలు ప్రోగుచేసికొనుచుండగా, పొరుగున నున్న మఱి రెండు ఊళ్ల పెద్దలు వచ్చి వారిని అలుగు దగ్గర కూర్చుండబెట్టిరి. ఒక ముసలి పసులకాపరి అలుగునుండి చింతచెట్టు వఱకు నడచి, తన చిన్ననాట మందలు ఇచ్చటనే మఱలెడివనెను. ఆ చెట్టు అంత పాతది కాదని ఒకరు అడ్డుతగిలిరి. ప్రొద్దుగ్రుంకువఱకు వాదము నడచినది. తుదకు, చల్లినవారు ఆ పైరు కోసికొనవలెననియు, పిమ్మట ఆ బీడు ఇరుగ్రామముల పసులకును విడువవలెననియు ఒప్పుకొనిరి. నది త్రెంచిన పొలమున పైరున్నచో అది పూర్వస్వామికే చెందునని బృహస్పతి చెప్పియున్నాడు. ఆ పెద్దలు బృహస్పతిని చదివినవారు కారు.

మఱునాడు బీడు కొనను ఒక రాయి పాతి, దానిక్రింద బొగ్గులు పోసిరి. ఇరు ఊళ్ల పిల్లలను పిలిచి చూపిరి. వారిలో మేమును ఉంటిమి. ఆ చోటు నేటికిని చూపగలము.