అడవి అంచున ‘షన్’ మాటలు

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ పరిసరాల భూమి చరిత్రను పరిశీలించేవారికి ఇంగ్లీషు నుంచి వచ్చిన ఒక మాటల కుటుంబం అడుగడుగునా ఎదురవుతుంది. రిజర్వేషన్, నోటిఫికేషన్, రెగ్యులేషన్, ఎలియనేషన్, రెస్టోరేషన్, ప్లాంటేషన్ అనే ఈ పొడవాటి మాటలన్నీ ఒకే తోకతో ముగుస్తాయి. చుట్టుపక్కల ఊరిపేర్లు పాడు, పల్లి, గూడెం, బోడు అన్న పొట్టి తోకలతో ముగిసి నేలనూ నివాసాన్నీ సూచిస్తే, ‘షన్’ తోక ఉన్న మాటలు ఆ నేల ఎవరి అధీనంలో ఉండాలో నిర్ణయించే కాగితాలతోపాటు వచ్చాయి.

ఈ తోకకు మూలం లాటిన్. క్రియను నామంగా మార్చే ఆ ప్రత్యయం ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో చేరి, అక్కడి న్యాయస్థానాల భాషకూ పరిపాలన భాషకూ ఆధారమైంది. అచ్చతెలుగు మాటల్లో షకారం లేదు కనుక పల్లె నోట ఇది ‘సను’గా మారి టేసను, రేసను అని పలికింది; పాత తెలుగు రచనల్లో ఉకారం చేర్చి ‘స్టేషను’ అని రాసేవారు, ఇప్పటి అచ్చులో ఆ ఉకారం చాలావరకు రాలిపోయింది. అయితే ఉచ్చారణ కంటే వ్యాకరణంలో వచ్చిన తేడా పెద్దది. తెలుగు క్రియలో తీసుకున్నాడు, తీసుకుంది, తీసుకున్నారు అన్నప్పుడు క్రియాంతమే కర్తను చూపిస్తుంది. అదే పనిని ‘షన్’ చేర్చి నామంగా మార్చినప్పుడు చేసినవారు వాక్యంలోంచి తప్పుకుంటారు, పని మాత్రం తనంతట తానే జరిగినట్టు నిలుస్తుంది. కర్త లేని ఈ మాటల కింద ఎవరు ఎవరికి ఏమి చేశారో వెదకడమే ఈ ప్రాంత చరిత్ర రాసేవారి అసలు పని.

ఇంగ్లీషు కంటే ముందు ఇక్కడి కచేరీల్లో పారసీ, ఉర్దూ మాటలు చెలామణిలో ఉండేవి. నిజాం రాజ్యంలో 1884 వరకు పారసీ, ఆ తర్వాత ఉర్దూ పాలనా భాషలు కావడంతో పట్టా, దస్తావేజు, జమాబందీ, జంగ్లాత్ వంటి మాటలు జనం నోట స్థిరపడ్డాయి. కచేరీ తెలుగులో కలిసిపోయిన ఇటువంటి అన్యదేశ్యాలకు సి.పి. బ్రౌన్ 1854లోనే విడిగా ఒక మిశ్రభాషా నిఘంటువు ప్రకటించడం, అవి అప్పటికే ఎంత లోతుగా వేళ్లూనాయో చెబుతుంది. 1860 నాటి ఒప్పందంతో గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం ప్రాంతం బ్రిటిష్ వారి చేతికి పోయి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో కలిసింది. కుడి ఒడ్డున ఉన్న చండ్రుగొండ వైపు నేల నిజాం కిందే ఉండిపోయింది. భద్రాచలం 1959లో ఖమ్మం జిల్లాలోకి వచ్చింది; అంతకుముందు ఒకే అడవి, ఒకే కోయ జనం, రెండు రకాల చట్టాల కింద బతికారు.

ఎడమ ఒడ్డుకు వచ్చిన తొలి పెద్ద మాట రిజర్వేషన్. 1882 మద్రాసు అటవీ చట్టం ప్రకారం ప్రభుత్వం 4వ సెక్షన్ కింద ఒక నోటిఫికేషన్ ఇచ్చి ఫలానా హద్దుల్లోని అడవిని రిజర్వు చేయదలచినట్టు ప్రకటించేది. హక్కులున్నవారు గడువులోగా వచ్చి చెప్పుకోవాలి. ఆ విచారణ ముగిశాక 16వ సెక్షన్ కింద మరో నోటిఫికేషన్‌తో అది రిజర్వు అడవి అయ్యేది. నిజాం వైపు 1355 ఫస్లీలో, అంటే 1945 ప్రాంతంలో, హైదరాబాదు అటవీ చట్టం వచ్చింది. రెండు వైపులకూ కలిపి 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం 4, 15 సెక్షన్లతో దాదాపు అదే పద్ధతిని కొనసాగించింది. నోటిఫికేషన్ అంటే తెలియజేయడం. గెజెట్‌లో అచ్చయిన ఇంగ్లీషు లేక ఉర్దూ ప్రకటన చదువురాని గూడేనికి ఏమి తెలియజేసి ఉంటుందన్న ప్రశ్నను పక్కన పెట్టడం న్యాయం కాదు. అడవిలో ఒక ముక్క నరికి, ఎండాక కాల్చి, తొలకరికి విత్తనం చల్లి, కొన్నేళ్ల తర్వాత ఆ నేలను బీడు వదిలి మరో చోటికి కదిలే సాగును జనం పోడు అంటారు. బీడు వదిలిన నేల మళ్లీ అడవిలాగే కనిపిస్తుంది కనుక, హద్దులు గీసిన రోజున దాని మీద ఎవరి హక్కూ కనబడకపోవడం ఆశ్చర్యం కాదు.

ఈ కుటుంబంలో ప్రత్యేక అర్థం ఉన్న మాట రెగ్యులేషన్. వ్యవహారంలో దీన్ని నిబంధన అని అనువదిస్తారు కానీ, రాజ్యాంగం ఐదవ షెడ్యూల్ ప్రకారం ఇది శాసనసభ చేసిన చట్టం కాదు. షెడ్యూల్డు ప్రాంతాల కోసం గవర్నర్ చేసి, రాష్ట్రపతి ఆమోదం పొందిన శాసనం. అటువంటి 1959 నాటి మొదటి రెగ్యులేషన్ 1963లో తెలంగాణ ప్రాంతానికి విస్తరించింది. దాన్ని 1970లో సవరించిన తర్వాత, ఏజెన్సీలో, అంటే ఈ షెడ్యూల్డు ప్రాంతాల్లో, స్థిరాస్తిని గిరిజనులకు గానీ గిరిజనులు మాత్రమే సభ్యులుగా ఉన్న సహకార సంఘాలకు గానీ తప్ప, అమ్మేవారు ఎవరైనా సరే, ఇతరులకు బదలాయించడం చెల్లకుండా పోయింది. ఆ సవరణ 1970 నాటి మొదటి రెగ్యులేషన్ కనుక, ఆ అంకెల వల్ల జనం దీన్ని ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అన్నారు. ఇంత పొడవైన శాసనం పేరును ఒక భిన్నంగా కుదించి నోట నిలుపుకోవడంలో దాని మీద వారికున్న ఆశ కనిపిస్తుంది.

ఈ శాసనం అరికట్టదలచిన దాని పేరు ఎలియనేషన్. లాటిన్‌లో దాని మూలానికి ‘పరాయి’ అని అర్థం. తన సొత్తును పరాయివారి సొత్తు చేయడం ఎలియనేషన్. తెలుగులో దానికి స్థిరపడిన మాట అన్యాక్రాంతం, అంటే అన్యులచేత ఆక్రమించబడినది. రెండు మాటల్లోనూ పరాయివాడు ఉన్నాడు, అయితే చూపు వేరు. ఇంగ్లీషు మాట భూమిని వదులుకున్నవాడి వైపు నుంచి మాట్లాడుతుంది, ఇచ్చాడు కనుక పోయింది అన్నట్టు. తెలుగు కాగితాల్లోని సంస్కృత సమాసం ఆక్రమించిన చేతిని పేరులోనే నిలబెడుతుంది. అప్పు కింద, కౌలు కింద, బినామీ పేర్ల మీద ఏజెన్సీ భూములు చేతులు మారిన తీరుకు రెండో మాటే నిజంగా సరిపోతుంది. అదే రెగ్యులేషన్‌లో ప్రిజంప్షన్ అనే మరో ‘షన్’ మాట చేరి బరువును తిరగేసింది: గిరిజనేతరుడి చేతిలో ఉన్న ఏజెన్సీ భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని, కాదని రుజువయ్యేదాకా, చట్టం ముందుగానే భావిస్తుంది. సుప్రీంకోర్టు 1988లో పి. రామిరెడ్డి కేసులో ఈ శాసనాన్ని సమర్థించింది. బదలాయింపు చెల్లదని తేలితే భూమిని తిరిగి అప్పగించడమే రెస్టోరేషన్. అయితే ఉత్తర్వు చేతికి రావడానికీ నేల చేతికి రావడానికీ మధ్య అప్పీళ్ల కాలం చాలా పొడవైనది.

ఒకే మాటకు రెండు అర్థాలు ఏర్పడడం కూడా ఇక్కడ జరిగింది. అడవిని వేరుపరచిన రిజర్వేషన్, తర్వాతి తరాలకు ఉద్యోగాల్లో, చట్టసభల్లో వాటాను సూచించే మాట అయింది. షెడ్యూల్డు ప్రాంతాల పాఠశాలల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇస్తూ 2000లో వెలువడిన 3వ నంబరు జీవోను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టివేసినప్పుడు వివాదమంతా ఈ రెండో అర్థం చుట్టూ తిరిగింది. తాతకు అడవిని మూసిన మాటే మనవడికి బడి తలుపు తెరవవలసిన మాట అయింది.

ప్లాంటేషన్ అంటే మొక్కల పెంపకం, వినడానికి మెత్తని మాట. పోడు చేసుకునే నేలలో అటవీశాఖ మొక్కలు నాటినప్పుడు అది హద్దు తగాదాగా మారుతుంది. 2022 నవంబర్ 22న చండ్రుగొండ మండలం బెండాలపాడు పరిధిలోని ఎర్రబోడు వద్ద, అటువంటి ప్లాంటేషన్ దగ్గర జరిగిన దాడిలో చండ్రుగొండ రేంజి అధికారి ప్రాణాలు కోల్పోయారు. విధి నిర్వహణలో ఉన్న మనిషి మరణం, ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి తరలివచ్చి అక్కడ గూడెం కట్టుకున్న గుత్తికోయల బతుకు, రెండూ ఆ ఒక్క మాట కిందే ఉన్నాయి.

2006 అటవీ హక్కుల చట్టం ఈ వరుసలోకి రికగ్నిషన్ అనే మాటను తెచ్చింది. హక్కును కొత్తగా ఇవ్వడం కాదు, ఉన్నదాన్ని గుర్తించడం అని దాని అర్థం. 2005 డిసెంబర్ 13 నాటికి అటవీ భూమిని సాగు చేస్తున్న గిరిజనులకు ఆ గుర్తింపు వర్తిస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 జూన్ 30న ఆ చట్టం కింద హక్కు పత్రాల పంపిణీ మొదలుపెట్టినప్పుడు, చట్టం పేరులోని పొడవాటి మాటలేవీ జనం నోట నిలవలేదు. ఊళ్లలోనూ, పత్రికల్లోనూ, ప్రభుత్వ ప్రకటనల్లోనూ వాటి పేరు పోడు పట్టాలు.