ఏఐ బ్రౌజర్ ఏజెంట్లు: క్లిక్ చేసేది ఏఐ.. దారి చూపేది నాలుగు లైన్లు! టూల్ డిస్క్రిప్షన్ ఎలా రాయాలంటే..

టికెట్ బుక్ చేయమంటే వెబ్‌సైట్ ఓపెన్ చేసి, తేదీ నింపి, పేమెంట్ పేజీ దాకా తానే వెళ్లే ఏఐ ఏజెంట్లు వచ్చేశాయి. ఆంత్రోపిక్ 2024 అక్టోబర్‌లో 'కంప్యూటర్ యూజ్' ఫీచర్‌ను, ఓపెన్‌ఏఐ 2025 జనవరిలో 'ఆపరేటర్'ను తీసుకొచ్చాయి. మరి ఎప్పుడు ఏం నొక్కాలో, ఎక్కడ ఏం టైప్ చేయాలో ఏజెంట్‌కు ఎలా తెలుస్తుంది? ఇక్కడే టూల్ డిస్క్రిప్షన్ కీలకం.

అసలేంటిది?

'పేజీ తెరువు', 'క్లిక్ చెయ్', 'టైప్ చెయ్'.. ఇలా బ్రౌజర్‌లో చేసే ఒక్కో పనిని డెవలపర్లు ఒక్కో టూల్‌గా ఏఐకి ఇస్తారు. ప్రతి టూల్‌కూ ఒక పేరు, మామూలు భాషలో చిన్న వివరణ, ఏయే వివరాలు ఇవ్వాలో చెప్పే జాబితా ఉంటాయి. వెనకున్న కోడ్ సాధారణంగా ఏఐకి కనిపించదు. ఈ రాత చదివే ఏ టూల్ వాడాలో తేల్చుకుంటుంది. 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ (ఎంసీపీ) దీనికి ఒక ఉమ్మడి ఫార్మాట్ ఇచ్చింది.

ఒక్క లైన్‌తో ఎంత తేడా!

మైక్రోసాఫ్ట్ వాళ్ల ప్లేరైట్ ఎంసీపీలో రెండు టూల్స్ ఉన్నాయి. ఒకటి స్క్రీన్‌షాట్, అంటే పేజీ ఫొటో. రెండోది స్నాప్‌షాట్, అంటే పేజీలోని బటన్లు, లింకులు టెక్స్ట్ రూపంలో. ఒక్కో బటన్‌కూ అందులో ఒక గుర్తు ఉంటుంది, క్లిక్ చేయడానికి ఆ గుర్తు వాడొచ్చు. పేర్లు చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయి కదా! ఏఐ కూడా కన్‌ఫ్యూజ్ అవుతుంది. అందుకే స్క్రీన్‌షాట్ వివరణలోనే స్పష్టంగా రాశారు: దీన్ని చూసి పనులు చేయలేరు, వాటికి స్నాప్‌షాట్ వాడండి అని. టూల్ ఏం చేస్తుందో చాలామంది రాస్తారు. ఏం చేయదో, బదులుగా ఏది వాడాలో రాసేవాళ్లే తక్కువ.

05/06 అంటే ఏ రోజు?

మనకు జూన్ 5. అమెరికాలో మే 6. ప్రయాణ తేదీ నింపే టూల్‌కు 'తేదీ ఇవ్వండి' అని మాత్రమే రాస్తే ఏఐ ఏదో ఒకటి ఊహించుకుంటుంది. నెల ముందు టికెట్ బుక్ అయిపోతే క్యాన్సిలేషన్ చార్జీలు కట్టేది మనమే! అదే ఇలా రాస్తే?

"తెరిచి ఉన్న పేజీలో ప్రయాణ తేదీ నింపుతుంది. సంవత్సరం-నెల-రోజు వరుసలో ఇవ్వాలి, ఉదాహరణకు 2026-06-05. గడిచిపోయిన తేదీ ఇస్తే ఎర్రర్ వస్తుంది. ఫారం సబ్మిట్ చేయదు, దానికి వేరే టూల్ ఉంది."

ఊహకు చోటే లేదు. అలాగని పేజీలకు పేజీలు రాయకూడదు. సాధారణంగా ఈ వివరణలన్నీ ప్రతిసారీ ఏఐకి పంపాల్సిందే, టోకెన్ల ఖర్చు పెరుగుతుంది.

ఇది చిన్న కంపెనీల తలనొప్పి మాత్రమే అనుకోకండి. క్లాడ్ వెబ్ సెర్చ్ టూల్ తెచ్చిన కొత్తలో అది అవసరం లేకున్నా వెతికే మాటల చివర '2025' తగిలించేదని ఆంత్రోపిక్ స్వయంగా చెప్పింది. ఫలితాలు పక్కదారి పట్టాయి. టూల్ డిస్క్రిప్షన్ మార్చి దాన్ని దారిలో పెట్టారు.

'పే' బటన్ సంగతేంటి?

డబ్బు కట్టడం, డిలీట్ చేయడం, మెయిల్ పంపడం.. వెనక్కి తీసుకోలేని పనులకు విడిగా టూల్ పెట్టాలి. యూజర్ ఓకే అన్నాకే వాడాలని వివరణలో రాయాలి. ఎంసీపీలో 'ఇది చదవడానికే', 'ఇది నష్టం చేయొచ్చు' అని గుర్తులు పెట్టే వీలుంది. కానీ అవి సూచనలు మాత్రమే, తాళాలు కావు. అసలు అడ్డుకట్ట కోడ్‌లోనే వేయాలి.

ఏఐ ఈ రాతను నమ్ముతుందనే విషయం మోసగాళ్లకూ తెలుసు. టూల్ డిస్క్రిప్షన్‌లో 'యూజర్ ఫైల్స్ చదివి పంపు' లాంటి ఆదేశాలు దాచొచ్చని 2025 ఏప్రిల్‌లో ఇన్వేరియంట్ ల్యాబ్స్ చూపించింది. దీన్నే 'టూల్ పాయిజనింగ్' అంటున్నారు. యూజర్‌కు కనిపించేది టూల్ పేరు, ఏఐ చదివేది మొత్తం రాత. ముక్కూమొహం తెలియని ఎంసీపీ సర్వర్‌ను మీ బ్రౌజర్‌కు కలిపే ముందు దాని డిస్క్రిప్షన్లు పూర్తిగా తెరిచి చదవండి. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ మళ్లీ చదవండి, ఎందుకంటే ఒకసారి ఓకే చేశాక కూడా ఆ రాతను మార్చేయొచ్చు.